ఖాళీ దెబ్బ

మా బ్యాండు పేరు లాస్ట్ బోగీ. పేరు పెట్టింది నేనే, కాబట్టి దాన్ని చూసి ఎవరైనా నవ్వితే నాకు కోపం వస్తుంది. ఉన్నది ముగ్గురం. హిందూపురంలో ఓబులేసన్న, పెనుకొండలో నేను, ధర్మవరంలో ఆదినారాయణ. మూడూళ్ళనూ కలిపేది ఒక ప్యాసింజరు బండి. ఆదివారం మధ్యాహ్నం అది హిందూపురంలో ఓబులేసన్నను, పెనుకొండలో నన్ను ఎక్కించుకుని ధర్మవరం చేరేది. తిరిగి బయల్దేరేముందు అక్కడ రెండు గంటలు ఖాళీగా నిలబడేది. ఆ రెండు గంటలూ చివరి బోగీ మాది. ఆదినారాయణ రెండు ప్లాస్టిక్ రంగు డబ్బాలు, ఒక ఇత్తడి పళ్ళెం పెట్టుకుని అప్పటికే ప్లాట్‌ఫాం కొసన నిలబడి ఉండేవాడు.

ఇది 1996 మాట. అప్పుడు నాకు ఇరవై ఏళ్ళు, ఆదినారాయణకు ఇరవై ఒకటి. ఓబులేసన్న మాకన్నా ఐదారేళ్ళు పెద్ద.

ఓబులేసన్న హిందూపురం పట్టుగూళ్ళ మార్కెట్లో వేలం పాడే మనిషి. రైతులు తెచ్చి పోసిన గూళ్ళ లాటు ముందు నిలబడి, ఊపిరి ఎక్కడ తీసుకుంటున్నాడో తెలియకుండా ధర పాడుతూ పోయేవాడు. తెలుగులో మొదలుపెట్టి కన్నడంలోకి దూకి, మధ్యలో ఎవరో పిసినారి వ్యాపారిని ఎగతాళి చేసి, మళ్ళీ తెలుగులోకి వచ్చేవాడు. ఒక్క మాట కింద పడనిచ్చేవాడు కాదు. చివర ఒకటోసారి, రెండోసారి, మూడోసారి అని అరచేతిలో చెయ్యి కొట్టి లాటు మూసేవాడు. మూడోసారి అన్నాక ఇక దేవుడు దిగివచ్చినా ధర మారదు.

నా దగ్గరున్నది చర్చి గిటారు. మా నాయన జాన్ రైల్వే గేట్‌మన్. ఆయనకు తీగల మీద వచ్చినవి మూడే కార్డులు, నాకు నేర్పినవీ అవే. వాటిని నిదానంగా వాయిస్తే ప్రార్థన, వేగంగా వాయిస్తే గొడవ. నేను గొడవ పక్షం. మా అమ్మ అన్నమ్మకు మాత్రం పాటల ప్రాక్టీసుకు పోతున్నానని చెప్పేదాన్ని. అందులో అబద్ధమేమీ లేదు.

ఆదినారాయణ మగ్గం నేసేవాడు. కాళ్ళకు ఒక లెక్క, చేతులకు ఇంకో లెక్క. కాలు తొక్కుతుంటే చెయ్యి పేక దారమున్న నాడె విసురుతుంది, ఇంకో చెయ్యి పలక గుంజి ఆ పేకను బిగించి కొడుతుంది. పుట్టినప్పటి నుంచి ఆ చప్పుడులోనే ఉన్నాడు కాబట్టి డబ్బాల ముందు కూర్చోబెడితే కొత్తగా నేర్చుకోవలసింది ఏమీ లేకపోయింది. మనిషి మాట్లాడటం తక్కువ. నేను రోజంతా తిట్టినా వినేవాడు. అందుకే ఎక్కువ తిట్టేదాన్ని.

మేం వాయించేదానికి ఒక పేరుందని కూడా మాకు తెలియదు. బెంగళూరులో ఒక క్యాసెట్ల షాపాయన మా పాట విని, మీ అన్న చేసేది రాప్, నువ్వు చేసేది పంక్, ఈ రెండూ కలిపి అమెరికాలో కూడా వాయిస్తారు అన్నాడు. తిరుగు బండిలో ఓబులేసన్న చాలాసేపు ఆలోచించి, "అయితే ఆడ కూడా గూళ్ళ మార్కెట్టు ఉంటాదేమో" అన్నాడు.

మా మొదటి ప్రోగ్రాం కదిరి తేరుకు. ఆర్కెస్ట్రా వాళ్ళ గాయకుడి బస్సు చెడిపోతే మాకు ఇరవై నిమిషాలు ఇచ్చారు. సగం జనం చెవులు మూసుకున్నారు, మిగతా సగం వేయించిన శనక్కాయలు విసిరారు. రెండోది పెనుకొండలో క్రిస్మస్ యూత్ మీటింగు. పాస్టరుగారు స్వయంగా లేచి వచ్చి కరెంటు తీశారు. నల్లచెరువులో మాత్రం రైతులు వాన మీద కట్టిన పాటను నాలుగుసార్లు పాడించుకున్నారు. ఒక ముసలాయన స్టేజీ దగ్గరికి వచ్చి, "ఇది పాట కాదు గానీ బాగుండాది" అన్నాడు. ఇప్పటివరకు మా మీద వచ్చిన సమీక్ష అదొక్కటే.

మూడేళ్ళలో పదకొండు పాటలు కట్టాం. పది పాటలను టేప్ రికార్డర్లో పట్టాం. పదకొండోది 'మూడోసారి'. అది మా అన్నిటికన్నా మంచి పాట కాబట్టి దాన్ని బెంగళూరులో మంచి మిషను మీదే పట్టాలని దాచుకున్నాం. ఆ దాచుకోవడమే మేం చేసిన తెలివితక్కువ పని.

ఆ పాటలో ఓబులేసన్న ఊరినే వేలం వేసేవాడు.

*ఎండ ఎంతకిస్తావు, గాలి ఎంతకిస్తావు,*
*వేపచెట్టు కింద ఈ రవ్వంత నీడుండాది, ఎంతకడుగుతావు?*
*బావి తవ్విన చేతులు, బావిలో లేని నీళ్ళు, రెండూ ఒకే లాటు,*
*మా ఊరు ఒకటోసారి, మా ఊరు రెండోసారి...*

అక్కడ ఆగేవాడు. నా గిటారు ఆగేది. జనం మెడలు ముందుకు చాచేవాళ్ళు. ఆ నిశ్శబ్దంలో ఆదినారాయణ ఒకే ఒక్క దెబ్బ కొట్టేవాడు. ఆ దెబ్బ ఎప్పుడు పడాలో ముందుగా ఎవరికీ తెలియదు. ఓబులేసన్న భుజం చూసి కొట్టేవాడో, ఊపిరి విని కొట్టేవాడో. ఆ దెబ్బ మీద ఓబులేసన్న 'మూడోసారి' అని అరిస్తే ముగ్గురం ఒక్కసారిగా విరుచుకుపడేవాళ్ళం. నా జీవితంలో నాకు అంతకన్నా ఇష్టమైన క్షణం ఇంకోటి లేదు.

1999లో బెంగళూరులో ఒక పోటీకి మమ్మల్ని పిలిచారు. గెలిచిన వాళ్ళ పాటలు స్టూడియోలో పట్టి క్యాసెట్టు వేస్తారు. ఆ ఆదివారం పొద్దున పెనుకొండలో బెంగళూరు బండి ఎక్కి చివరి బోగీలో చూశాను. ధర్మవరంలోనే ఎక్కి ఉండవలసిన ఆదినారాయణ లేడు. బోగీలన్నీ వెతికాను. హిందూపురంలో ఓబులేసన్న ఎక్కి నా మొహం చూసి పక్కన కూర్చున్నాడు.

ఇద్దరమే పోయాం. ఇద్దరమే స్టేజీ ఎక్కాం. 'మా ఊరు రెండోసారి' దాకా ఎలాగో లాక్కొచ్చాం. అక్కడ ఓబులేసన్న అలవాటుగా ఆగాడు. దెబ్బ కోసం చూశాడు. దెబ్బ లేదు. తర్వాత ఏం చేయాలో ఆయనకు తోచలేదు. నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. వెనక బెంచీలో ఎవడో కన్నడంలో 'మూరనే సల', అంటే మూడోసారి, అని అరిచి లాటు మూసేశాడు. హాలంతా నవ్వింది. నా గిటారు వైరు నేనే పీకేశాను.

పై ఆదివారం ఆదినారాయణ పెనుకొండ ప్లాట్‌ఫాం మీదికి వచ్చాడు. నేను అప్పటికే బండిలో కూర్చున్నాను, మా పిన్ని ఊరికి పోతూ. నా కిటికీ దగ్గరికి వచ్చి ఏదో చెప్పబోయాడు. నేను షట్టర్ దించాను. ఇనుప షట్టర్, చప్పుడు బాగానే వచ్చింది. అంతటితో లాస్ట్ బోగీ అయిపోయింది.

ఆ తర్వాత తొమ్మిదేళ్ళు నేను పెనుకొండ పోస్టాఫీసులో ముద్రలు వేశాను. పెళ్ళి చేసుకోలేదు. దానికి ఆదినారాయణ కారణం కాదని అడిగినవాళ్ళకూ అడగనివాళ్ళకూ చెప్పాను. ఆయనకు పెళ్ళయిందని విన్న రోజు మాత్రం ముద్రలు గట్టిగా వేశానని మా పోస్టుమాస్టరు అన్నాడు. ఒక్కోసారి కౌంటరు మీద వేళ్ళతో ఆ పాట కొట్టుకునేదాన్ని. రెండోసారి దాకా వచ్చి వేళ్ళు ఆగిపోయేవి.

2008 ఫిబ్రవరిలో ఒక మంగళవారం ఓబులేసన్న పోస్టాఫీసుకు వచ్చాడు. స్టాంపులకు వచ్చిన మనిషిలాగా వరుసలో నిలబడ్డాడు. తలెత్తేదాకా నేను గుర్తుపట్టలేదు.

"ఏమ్మా ప్రేమమ్మా, బాగుండావా?" అన్నాడు. ఆ గొంతులో సగం గాలే.

"ఏమైంది అన్నా గొంతుకు?"

"గడ్డ లేసింది లోపల. బెంగళూరులో సూపించినా. వచ్చే సోమారం కోస్తారంట. గడ్డతో పాటు మాట కూడా తీసేస్తారంట." ఎవరి లాటు ధరో చెబుతున్నట్టు చెప్పాడు. "మనిషి బతుకుతాడు, మాట ఉండదు అన్న్యారు."

నాకు ఏడుపు వచ్చింది. కౌంటరు మీద ఏడవకూడదని కోపం తెచ్చుకున్నాను. కోపం నాకు ఎప్పుడూ దగ్గరే ఉంటుంది.

"అంతలోపల ఆ పాట ఒక్కతూరి పాడల్ల. నువ్వు పట్టి పెట్టల్ల," అన్నాడు.

పోస్టాఫీసు వెనక సైకిళ్ళ దగ్గర నిలబడి పాడటానికి ప్రయత్నించాడు. మాటలన్నీ వచ్చాయి. కానీ ఎవరో రేషన్ షాపు పట్టీ చదువుతున్నట్టు ఉంది. ఎక్కడ తొందరపడాలో, ఎక్కడ సాగదీయాలో, ఏ మాటను ఏ దెబ్బ మీద దించాలో అంతా పోయింది. గిటారు పట్టుకుని ఉంటే నాకైనా గుర్తొచ్చేదేమో అనుకున్నాను. ఇంటికి పోయి పట్టుకున్నాను. రాలేదు.

"ఆది కొడితే నాకు నడక వచ్చేస్తాది," అన్నాడు ఓబులేసన్న. "వాడు కొట్టేదాని మీద నడిచినోన్ని నేను. పోయి పిల్చుకో రామ్మా."

"నేను పోను."

"నేను పిల్చొచ్చు. ఫోన్‌లో నా మాట వానికి ఇనపడదు," అన్నాడు.

బుధవారం సెలవు పెట్టి ధర్మవరం పోయాను.

ఆదినారాయణ ఇంట్లో ఇప్పుడు మగ్గం లేదు. మగ్గం గుంత పూడ్చి పైన సిమెంటు చేశారు, ఆ చోటు మాత్రం రంగు వేరుగా ఉంది. ఆయన పవర్‌లూములో పని చేస్తున్నాడు. చెవులు కొంచెం మందగించాయి, ఎదుటివాళ్ళ నోరు చూసి వింటున్నాడు. జుట్టు పలచబడింది. నేను వాకిట్లో నిలబడితే వెంటనే లేచాడు. భార్య పద్మావతే కుర్చీ వేసింది.

ఓబులేసన్న సంగతి చెప్పాను. ఆయన తన చేతులు తిప్పి చూసుకున్నాడు.

"నాకూ గుర్తు లేదు ప్రేమలతా. చెయ్యి మర్చిపోయింది. ఇప్పుడు మిషనే కొడతాది, నేను పోగు తెగితే కడతాంటా. అంతే."

"నువ్వు మర్చిపోవడం కొత్తేమీ కాదులే. ఆ ఆదివారం కూడా మర్చిపోయినావు," అన్నాను. తొమ్మిదేళ్ళు దాచిన మాట, దానంతటది వచ్చేసింది.

పద్మావతి నన్ను చూసి, ఆయన్ను చూసి, లోపలికి పోయి ట్రంకు పెట్టె తెరిచింది. ఒక పట్టుచీర తెచ్చి నా ఒళ్ళో పెట్టింది. కుంకుమ రంగు, ఆకుపచ్చ అంచు, జరీ ఇంకా కొత్తగా మెరుస్తోంది.

"ఇది నేను ఒక్కతూరి కూడా కట్టుకోలేదు అక్కా. కడితే అరిగిపోతాదని ఈయప్ప కట్టనీయలేదు. ఎందుకో నువ్వే సూడు," అని చీర కొస పట్టుకుని వాకిలి వెలుతురుకు ఎత్తింది.

చీర ఒంట్లో అడ్డంగా సన్నసన్న చారలు కనిపించాయి. కొన్ని చోట్ల నేత దట్టంగా, కొన్ని చోట్ల పలచగా. కొంగు నుంచి కుచ్చిళ్ళ దాకా అలాగే ఉంది. పెళ్ళి చీరకు అంతకన్నా పెద్ద తప్పు ఉండదు.

అప్పుడు ఆదినారాయణ చెప్పాడు. పోటీకి ముందు ఆ నెలంతా మగ్గం మీద కూర్చున్నా తలలో ఆ పాటే. తనకు తెలియకుండానే పాట నడకనే పలక కొట్టాడు. గట్టి దెబ్బ పడిన చోట పేక బిగుసుకుంది, మెత్తటి దెబ్బ పడిన చోట వదులైంది. షావుకారు చీరను వెలుతురుకు పట్టి చూసి తిప్పి పంపాడు. ఆ చీర కట్టుకోవలసిన పెళ్ళికూతురి పెళ్ళి పదిరోజుల్లో ఉంది.

"మా నాయన సూసి, ఏం కొట్టినావురా ఇది అన్న్యాడు. పాట అని చెప్పినా. ఆయప్ప తిట్టలేదు. ఆ పిల్ల పీటల మీద ఏం కట్టుకుంటాదిరా అని అడిగినాడు. దానికి నేనేం చెప్పల్ల? ఇద్దరం మార్చి మార్చి కూర్చుని ఇంకోటి నేసినాం. బెంగళూరు బండి పోయేటప్పుడు నేను గుంతలోనే ఉండా. కూత ఇనపడింది."

"ఈ మాట నాకు చెప్పేదానికేమి?"

"చెప్దామనే పెనుకొండకు వచ్చినా," అన్నాడు. "నువ్వు షట్టర్ దించితివి."

నేను సిగ్గుతో చచ్చిపోయాను. తొమ్మిదేళ్ళు ఒక మనిషిని లోపల పెట్టుకుని తిట్టాను. తిట్టినంతసేపూ ఆ మనిషి మా పాటను పెట్టెలో మడిచి దాచుకున్నాడు.

ముందుగా తేరుకున్నది పద్మావతే. భూతద్దం తెచ్చి ఆయన చేతికిచ్చింది. చీరను మంచం మీద పరిచాం. ఆదినారాయణ భూతద్దం పెట్టి, గోటితో పోగు పోగూ దాటిస్తూ చదవడం మొదలుపెట్టాడు.

"గట్టిది. గట్టిది. మెత్తనిది. గట్టిది. మెత్తనిది, మెత్తనిది, గట్టిది."

ఆయన చదివినట్టల్లా నేను తలుపు చెక్క మీద వేళ్ళతో కొట్టాను. మొదట్లో ఏమీ అర్థం కాలేదు. ఒక జానెడు చదివేసరికి 'ఎండ ఎంతకిస్తావు' వచ్చి నా వేళ్ళ కింద కూర్చుంది. పాట చీరలో మళ్ళీ మళ్ళీ వస్తోంది. కొంగు దగ్గర తడబాటు ఉంది, నడి చీరకు వచ్చేసరికి అచ్చం మా బోగీలో విన్నట్టే ఉంది. పద్మావతి పొయ్యి మీద అన్నం సంగతి మర్చిపోయి లెక్క పెడుతోంది.

ఒక చోట ఆయన గోరు ఆగిపోయింది. అక్కడ చీర మొత్తంలో అన్నిటికన్నా బిగువైన గీత ఉంది.

"ఈడ నాడె ఇసరలేదు," అన్నాడు. "పేక లేకుండా వట్టిగా కొట్టినా. ఖాళీ దెబ్బ. ఓబులన్న ఆగుతాడు గదా ఆడ. మగ్గం కాడ ఆయప్ప లేడు. లేకపోయినా ఆగినా."

ఆయన వేలు ఆ గీత మీద పెట్టి ఉంచాడు. కాసేపటికి నేనూ పెట్టాను. అంతకన్నా ఏమీ జరగలేదు. జరగాలని నేను కోరుకోలేదంటే అబద్ధం.

ఆదివారం పొద్దున పెనుకొండ ప్లాట్‌ఫాం మీద గిటారు పట్టుకుని నిలబడ్డాను. బండి వస్తుంటే దాటిపోయే కిటికీలు లెక్కపెట్టాను. చివరి బోగీ నా ముందుకొచ్చి ఆగింది. కిటికీ షట్టర్ ఎత్తి ఉంది. లోపల రెండు రంగు డబ్బాలు, ఇత్తడి పళ్ళెం, ఒళ్ళో గుడ్డసంచీలో చీర పెట్టుకుని ఆదినారాయణ కూర్చుని ఉన్నాడు. పద్మావతి నాకు కూడా చిత్రాన్నం కట్టి పంపింది.

హిందూపురంలో ఓబులేసన్న, ఆయన భార్య ఆదెమ్మ ఆస్పత్రి సంచులతో ఎక్కారు. డాక్టరు మాట్లాడవద్దని చెప్పాడట. ఆదెమ్మ ఆ మాట మా ముగ్గురికీ విడివిడిగా చెప్పింది. ఓబులేసన్న ఒక వేలు చూపించాడు. ఒక్కసారే పాడతాను అని.

నా దగ్గర ఖాళీ క్యాసెట్టు లేదు. మా చర్చి ఆడవాళ్ళ కీర్తనల క్యాసెట్టు తెచ్చాను. దాని మీదే పట్టాలి. టేప్ రికార్డరును ఆదెమ్మ ఒళ్ళో పెట్టి, రెండు మీటలు కలిపి ఎలా నొక్కాలో చూపించాను. ఆవిడ దాన్ని చంటిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకుంది.

ఆదినారాయణ చీర మడత విప్పి, నడి చీరను మోకాళ్ళ మీద పరిచి, ఒకసారి చూసుకుని కొట్టడం మొదలుపెట్టాడు. నాలుగు దెబ్బలు పడేసరికి ఓబులేసన్న భుజాలు కదిలాయి. అది మార్కెట్లో లాటు ముందు నిలబడిన మనిషి భుజం. తర్వాత పాడాడు. గొంతు సగమే ఉంది, మాటల చివర్లు అరిగిపోయాయి, కానీ నడక ఉంది. ప్రతి మాటా తన చోట దిగింది. ఎండను అమ్మాడు, గాలిని అమ్మాడు, నీడను అమ్మాడు. నేను మూడు కార్డులనూ గొడవగా వాయించాను. బోగీలో పూలబుట్టలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు ఇటు తిరిగారు.

*మా ఊరు ఒకటోసారి, మా ఊరు రెండోసారి...*

ఆగాడు. నా గిటారు ఆగింది. బండి చప్పుడొక్కటే మిగిలింది. ఆదినారాయణ చీర చూడలేదు, ఓబులేసన్ననే చూస్తున్నాడు. దెబ్బ పడింది.

ఓబులేసన్న నోరు తెరిచాడు. మా ఇద్దరినీ చూశాడు. నోరు మూసుకుని నిదానంగా తల అడ్డంగా ఊపాడు.

"అను అన్నా," అన్నాను.

"వద్దు ప్రేమమ్మా," అన్నాడు. "అంటే లాటు మూసినట్లే గదా. ఉండనీ. తెరిచే పెడదాం."

ఆయన గొంతు నుంచి నేను విన్న ఆఖరి మాట అది. ఆ తర్వాత బెంగళూరు దాకా ఆదెమ్మ ఆయన్ను మాట్లాడనివ్వలేదు.

ఓబులేసన్న బతికాడు. మార్కెట్లో ఇప్పుడు తూకం దగ్గర నిలబడతాడు, మెడ చుట్టూ గుడ్డ కట్టుకుని. ఆదివారాలు మళ్ళీ ధర్మవరం పోతున్నాం. బండి ఇప్పుడు గంటే ఆగుతుంది, అయినా చాలు. చివరి బోగీలో ముగ్గురం కూర్చుని ఆ క్యాసెట్టు పెట్టుకుని, దాంతో కలిసి వాయిస్తాం. టేపులో ఓబులేసన్న రెండోసారి అని ఆగుతాడు. ఆదినారాయణ ఖాళీ దెబ్బ కొడతాడు. ఎదురుగా కూర్చున్న ఓబులేసన్న రెండు వేళ్ళు ఎత్తి అలాగే పట్టుకుంటాడు.

క్యాసెట్లో కాసేపు బండి చప్పుడు నడుస్తుంది, ఓబులేసన్న నాతో అన్న ఆ మాట అందులో కలిసిపోయింది. తర్వాత ఆదెమ్మ మీట ఎత్తిన చోట టక్కుమంటుంది. కింద మిగిలిపోయిన మా చర్చి ఆడవాళ్ళ కీర్తన సగంలోంచి అందుకుంటుంది. అందులో మా అమ్మ గొంతు కూడా ఉంది. ఆ కీర్తన అయ్యేదాకా ఓబులేసన్న వేళ్ళు దించడు, మేం కూడా దించమని అడగం.